ఏవండీ అంటే ఎవరు తిరగాలి

పెళ్ళికి ముందు మా ఆయన నన్ను మీరు అనేవాడు. రాజమండ్రిలో ఒకే బట్టల షాపులో పనిచేసేవాళ్ళం. ఆయన చీరల సెక్షను, నేను బిల్లింగు. "ఇది కాస్త బిల్లు చేస్తారాండి" అనేవాడు. నేనూ అండి అనేదాన్ని. మా వైపు బస్సు కండక్టరుకైనా, ఫోన్లో రాంగ్ నంబరుకైనా అండి తగిలించకుండా మాట రాదు కదా. తర్వాత ఎప్పుడో ఇద్దరం నువ్వులోకి దిగిపోయాం. పెళ్ళయ్యాక ఆయన అక్కడే ఉండిపోయాడు. నన్ను మాత్రం అత్తయ్య మళ్ళీ మీరులోకి ఎక్కమంది.

నలుగురిలో మీరు, గదిలో నువ్వు. ఎక్కడ నోరు జారుతుందోనని నాకు అన్నం కూడా కుదురుగా దిగేది కాదు.

మొన్న అందరం కోరుకొండ గుడికి వెళ్ళాం. ఆ కొండ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. ఆయన ముందు చకచకా ఎక్కిపోతున్నాడు. అత్తయ్యకి దాహం, నీళ్ళ సీసా ఆయన దగ్గరుంది. పక్కన ఆవిడ ఉందని పద్ధతిగా ఏవండీ అని పిలిచాను. ముగ్గురు నలుగురు మగవాళ్ళు వెనక్కి తిరిగారు. మా ఆయన తిరగలేదు. ఆ పిలుపు తనదేనని ఆయనకింకా అలవాటు కాలేదు మరి. మళ్ళీ పిలిచాను. చివరికి విసుగొచ్చి, "ఒరేయ్, నిన్నేరా" అనేశాను. టక్కున తిరిగాడు.

అత్తయ్య నీళ్ళు తాగింది గానీ, కొండ దిగేదాకా నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక, మొగుడికి ఆ మాత్రం మర్యాద ఇవ్వకపోతే ఎలా అంది. ఇవ్వనని నేననలేదు. ఆయన్నీ నాకు ఇవ్వమన్నాను. వెంటనే మా ఆయన, "కాఫీ ఇప్పిస్తారాండి మేడంగారూ" అన్నాడు. మావయ్యగారు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అదే మాట నా నోట్లో పద్ధతి, ఆయన నోట్లో జోకు. ఇంక ఇద్దరం సమానమని ఎలా అనుకోను?

సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అత్తయ్య తనంతట తనే చెప్పింది. మావయ్యగారు ఆవిడకి మేనబావేనట. చిన్నప్పుడు ఒరేయ్ బావా అంటూ కాలవలో కలిసి ఈతలు కొట్టారట.

"మరి ఎప్పుడు మానేశారత్తయ్యా?"

"ఎవరూ మానమనలేదమ్మా. పెళ్ళిపీటల మీంచి లేచాక ఇంక నోట్లోంచి రాలేదు."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు మరీ కంగారు పట్టుకుంది. నాకూ అలాగే రాకుండా పోతే?

మర్నాడు పొద్దున ఆయన షాపుకి బయల్దేరాడు. టిఫిన్ బాక్సు బల్ల మీదే ఉంది. "ఇదిగో, బాక్సు మర్చిపోయా" అని ఆగిపోయాను. తెలుగుతో ఇదే బాధ, చివరి అక్షరం పలికితే గానీ ఎవరు ఎంతో తేలదు. రు అనాలా, వు అనాలా? వంటింట్లో అత్తయ్య ఉంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు.

"వు" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆయన నవ్వుకుంటూ బాక్సు తీసుకుని వెళ్ళిపోయాడు. వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "మజ్జిగ సీసా కూడా వదిలేశాడు చూడు. పిలిచి ఇయ్యి."

ఏమని పిలవాలో మాత్రం చెప్పలేదు.