పుంగనూరు భట్టీలో ఫ్రెంచి రొట్టె

పోయినేడాది పాండిచ్చేరిలో ఒక బేకరీ ముందు నిలబడి మూరెడు పొడవున్న బాగెట్ రొట్టె కొరికాను. పైన కరకర, లోపల దూది. "ఎవరు చేశారండీ?" అని అడిగితే లోపల్నుంచి పిండి చేతులతో ఒక అమ్మాయి వచ్చింది. "నేనే అక్కా. మాది పుంగనూరు" అంది. మా మదనపల్లె పక్కూరి పిల్ల! ఆ పూట నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ పిల్ల నస్రీన్ మొన్న ఫోన్ చేసింది. సొంతూరికి వచ్చేసిందట. నాన్న తన బేకరీలోని కట్టెల భట్టీని ఒక్క ఆదివారం తనకు వదిలాడట. రొట్టెలు అమ్ముడుపోతే ఇక్కడే ఉంటుంది, లేకపోతే మళ్ళీ పాండిచ్చేరి ఉద్యోగమే. ఇంక నేను ఆగుతానా?

ఆదివారం పొద్దున ఆరున్నరకు మదనపల్లెలో రెండు కిలోల టమాటాలు కొని పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. గంటలోపే పుంగనూరు. బేకరీ ఉన్న సందు మొదట్లోనే కాలుతున్న రొట్టె వాసన ఎదురొచ్చింది. నస్రీన్ నన్ను చూడగానే ఒక రొట్టె నిలువుగా చీల్చి, వెన్న రాసి, ఆమ్లెట్టూ నా టమాటా ముక్కలూ పెట్టి చేతికిచ్చింది. నలభై రూపాయలు. పాండిచ్చేరిలో తిన్నదానికన్నా ఇదే బాగుంది. టమాటా మాది కదా మరి!

కానీ కొనేవాళ్ళేరీ? మా వైపు రొట్టెను బొటనవేలితో నొక్కి చూస్తారు. నొక్కిన గుంట లేస్తే తాజాది, లేవకపోతే పాతది. వచ్చిన ప్రతివాడూ బాగెట్‌ను నొక్కాడు. "ఇదేందప్పా, కట్టె మాదిరి ఉండాది. నిన్నటిదా?" అని బన్ను కొనుక్కుపోయాడు. నేను ఊరుకోకుండా ఒక పెద్దాయనకు ఫ్రాన్సు గురించి పావుగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మంచిదమ్మా, రెండు బన్నులియ్యి" అన్నాడు. నా గొప్పలు నాకే తిరిగి తగిలాయి.

నస్రీన్ నాన్న జిలానీ భాయ్ ముప్పై ఏళ్ళుగా ఆ భట్టీ ముందే ఉన్నాడు. "సెప్పినా గదమ్మా. ఈడోళ్ళకు మెత్తగుండాల" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, బిడ్డ మళ్ళీ వెళ్ళిపోతుందన్న దిగులే ఉంది. నస్రీన్ తలెత్తలేదు. నాకు ఉక్రోషం వచ్చింది. పది రొట్టెలు సంచిలో వేసుకుని, "కుప్పంలో నాకు తెలిసిన మెస్ ఉంది" అని బయల్దేరాను.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఒంటిగంట దాటింది. సరోజమ్మ మెస్‌లో నాలుగే బల్లలు. ఆ రోజు ఏం వండిందో పలక మీద సుద్దతో రాస్తుంది. ఫ్రెంచివాళ్ళు బిస్ట్రో అని మురిసిపోయేది ఇలాంటి చోటునే. రొట్టె చేతికివ్వగానే సరోజమ్మ కూడా బొటనవేలితో నొక్కింది! ఆమె మాత్రం ఒక ముక్క విరిచి, పొగలు కక్కే మేక కాళ్ళ సూపులో ముంచి, కాసేపు ఆగి తీసింది.

"బన్నేస్తే గంజి అయిపోతాది. ఇది సూడు, రసమంతా తాగి ఇంకా నిలబడుండాది! యాడిదమ్మా ఇది?"

"పుంగనూరుది. అక్కడి పిల్లే చేసింది."

"మనోళ్ళేనా! దినామూ ఇరవై పంపమని సెప్పు. పొద్దున బస్సుకేస్తే నేను తీసుకుంటా."

సూపూ రొట్టే కలిపి తొంభై రూపాయలకు అంత తృప్తిగా నేనెప్పుడూ తినలేదు. అక్కడి నుంచే జిలానీ భాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి, "బేటీ!" అని లోపలికి పిలవడం వినపడింది. "రేపటి పిండికి నీళ్ళెంత పొయ్యాల్నో సెప్పమ్మా. నేను కలుపుతా."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళ చెయ్యి కూతుర్ని కొలత అడిగింది. ఏ దేశపు రొట్టె అయితేనేం, మా కట్టెల మీద కాలింది, మా టమాటాతో తిన్నాం, మా మేక కాళ్ళ సూపులో మునిగింది. మాది కాదని ఎవరైనా అంటే నాతో మాట్లాడమనండి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఎనిమిదిలోపే పుంగనూరు చేరండి, రొట్టెను మాత్రం నొక్కకండి. చెవి దగ్గర పెట్టి విరవండి, కరకరమంటే తాజాది. మరిచి నొక్కారో, ఇప్పుడు జిలానీ భాయే పావుగంట పాఠం చెబుతున్నాడు.