వాక్సింగ్ అయిన మర్నాడే నలుగు

పెళ్లయిన మర్నాడు భోపాలపట్నం నుంచి బచేలికి జీపులో వస్తున్నాం. మే నెల ఎండ. బీజాపూర్ దాటాక వీపు సీటుకి ఆనించలేకపోయాను. ఆనిస్తే మంట, ముందుకి వంగితే కొత్త చొక్కా వీపుకి అతుక్కుని లాగుతోంది. పక్కన నా భార్య సరిత ఉంది. తర్లగూడ వైపు అమ్మాయి, అక్కడే బడిలో పాఠాలు చెప్పేది.

"ఏమైంది? ఒక్కతీరుగ కూసుంటలేరు," అంది.

"రోడ్డు బాగాలేదు కదా," అన్నాను. నేను ఆమెకి చెప్పిన మొదటి అబద్ధం అది.

అసలు సంగతి చెప్తాను. నాకు ముప్పై ఆరేళ్లు. బచేలి కొండ మీది ఇనుప గనిలో కన్వేయర్ మెయింటెనెన్స్ పని. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చారు. ఆయన పోయాక కంపెనీ క్వార్టర్లో అమ్మా నేనూ మిగిలాం. నాకు వీపు నిండా జుట్టు. పనిలో నన్ను అందరూ "భాలూ" అంటారు, అంటే ఎలుగుబంటి. మా కొండ మీద ఎలుగుబంట్లు నిజంగానే తిరుగుతాయి కనుక ఆ పేరు మరీ గట్టిగా నిలిచిపోయింది. నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ పెళ్లి కుదిరాక ఆ మాట గుచ్చుకోవడం మొదలైంది. చదువుకున్న పిల్ల, నన్ను చూసి ఏమనుకుంటుందో అని ఒకటే బెంగ.

పెళ్లికొడుకుని చేసే రోజుకి ముందురోజు ఎవరికీ చెప్పకుండా జగదల్‌పూర్ వెళ్లి ఒక సెలూన్‌లో వీపంతా వాక్సింగ్ చేయించుకున్నాను. చేసినవాడు మంచివాడే. రెండు రోజులు నూనె రాయొద్దు, వేడినీళ్లు పోసుకోవద్దు, రుద్దొద్దు, చెమట పట్టనివ్వొద్దు, వదులుగా కాటన్ బట్టలు వేసుకో అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. సరే సరే అన్నాను. మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో ఏం జరగబోతోందో నాకు తెలుసు. అయినా సరే అన్నాను. నా అంత బుద్ధిహీనుడు ఉంటాడా?

మర్నాడు పీట మీద కూర్చోబెట్టారు. నూనె, పసుపు, నలుగుపిండి. నేను బనియన్ విప్పనన్నాను. విప్పితే నున్నటి వీపు చూసి ఊరంతా నవ్వుతుందని భయం. "ఏటిరా ఆ సిగ్గు, ఆడపిల్లవా?" అంది అమ్మ. పక్క క్వార్టర్ల ఆడవాళ్లు పడీపడీ నవ్వి, బనియన్ మీదే నూనె పోసి, దాని మీదే పిండి వేసి అరిచేతులతో రుద్దారు. ముతకపిండి గుడ్డలోంచి దిగి చర్మానికి గీసుకుపోయింది. పళ్లు బిగించి కూర్చున్నాను. పాటలు, ఫొటోలు, హారతి అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. ఆ తడిసిన బనియన్ అలాగే వీపుకి పట్టి ఉంది. ఆ తర్వాత జిడ్డు వదలడానికి మరుగుతున్న నీళ్లు పోసుకుని, మిగిలిన పిండితో నేనే మళ్లీ తోముకున్నాను. ఆ మర్నాడు పెళ్లికి ఎండలో భోపాలపట్నందాకా పొడుగు ప్రయాణం, మండపంలో మెడదాకా బిగించిన షేర్వానీ. పెళ్లి ఫొటోల్లో నేను నవ్వుతూ ఉన్నట్టు కనిపిస్తాను గానీ అది నవ్వు కాదు.

ఇల్లు చేరిన సాయంత్రమే చలీ జ్వరం. బస్తర్‌లో జ్వరమంటే మలేరియానే. ఎవరినీ అడగక్కర్లేదు, అందరం డాక్టర్లమే. నేనే మందుల షాపుకి వెళ్లి మలేరియా మాత్రలు అడిగి తెచ్చుకున్నాను. దురదకి ఒక ట్యూబు కూడా తెచ్చుకుని, చెయ్యి అందినంత మేర రాసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉందనీ, లోపలి చీముకి అది ఎరువేసినట్టేననీ తర్వాత తెలిసింది.

సరిత తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. "అంగీ ఇప్పుండ్రి, ఒళ్లు తుడుస్త," అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మళ్లీ అడిగింది. కసిరాను. కొత్త పెళ్లాం ముందు చొక్కా విప్పని మొగుణ్ణి చూసి ఆమె ఏమనుకుని ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. నేనంటే ఇష్టం లేదేమో అనుకుందట.

మూడో రోజు వంటింట్లో అమ్మ పక్కింటావిడతో అంటున్న మాట నాకు వినబడింది. "గుమ్మంలో అడుగెట్టిన యేళ ఎలాటిదో! ముప్పయ్యారేళ్లు జలుబైనా ఎరగని కొడుకు." సరిత అక్కడే బియ్యం కడుగుతోంది. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. నేను మంచం మీంచి ఒక్క కేక వేసి ఉండొచ్చు. వేయలేదు.

అయిదో రోజు నాకు మాట తడబడింది, లేచి నిలబడబోయి పడిపోయాను. ఆస్పత్రిలో రాయ్‌పూర్ నుంచి వచ్చిన లేడీ డాక్టర్ నన్ను చూసీ చూడగానే, "షర్ట్ ఉతారో," అని చొక్కా విప్పమంది. నేను కాలరు పట్టుకున్నాను. ఆవిడ నర్సుతో కత్తెర తెప్పించి చొక్కా కోసేసింది. గుడ్డతోపాటు చర్మం ఊడివచ్చింది. ఆ వాసనకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సరిత మాత్రం కదల్లేదు.

వెంట్రుక కుదుళ్లలో ఫాలిక్యులైటిస్‌తో మొదలై చీముగడ్డ అయింది, చుట్టూ చర్మం కింద సెల్యులైటిస్ పాకింది, విషం రక్తంలోకెక్కి సెప్సిస్‌లోకి వెళ్తున్నాడు అన్నారు. రక్తం తీస్తే షుగర్ మూడు వందల ఎనభై. నాకు షుగర్ ఉందని ఆ రోజుదాకా నాకే తెలియదు. వెంటనే జగదల్‌పూర్ పంపారు.

అక్కడ సర్జన్ వీపంతా పరీక్షగా చూశాడు. "ఒక్కో వెంట్రుక కుదురు దగ్గర ఒక్కో పొక్కు. వాక్సింగ్ గానీ, షేవింగ్ గానీ చేయించారా?" అని అడిగాడు. మంచానికి ఒకవైపు అమ్మ, రెండోవైపు సరిత. "లేదు సార్. పెళ్లిలో ఏదో పురుగు కుట్టినట్టుంది," అన్నాను. అమ్మ వెంటనే అందుకుంది: "ఆళ్ల ఊళ్లో అడివి బాబూ, అక్కడే ఏదో ముట్టుకుంది." సరిత నా మొహంలోకి చూసింది. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

కుడి భుజం కింద చచ్చిన కండంతా కోసి తీసేశారు. రోజూ డ్రెస్సింగ్. లోపల గాజుగుడ్డ లాగేటప్పుడు పక్క వార్డుకి వినబడేలా అరిచేవాణ్ణి. పదో రోజు మళ్లీ జ్వరం. నడుము దగ్గర ఇంకో గది కట్టింది చీము. చీములో ఏ క్రిమి ఉందో తేల్చే పస్ కల్చర్ రిపోర్టు వచ్చాక మందులు మార్చి మళ్లీ కోశారు. తొడ మీంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆ రోజులన్నీ సరిత ఆస్పత్రి వరండాలో చాప మీద పడుకుంది. ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకుంది. అమ్మ ఆమె చేతి నీళ్లు కూడా తాగడం మానేసింది.

డిశ్చార్జ్ అయ్యేసరికి ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడని నెల. అమ్మకి అంతకన్నా సాకు ఏం కావాలి? సరితని పుట్టింటికి పంపించేసింది. బస్సెక్కేముందు సరిత నన్ను అడిగింది, "మీరు ఏమన్న చెప్పాల్నా?" అని. "ఆరోగ్యం జాగ్రత్త," అన్నాను. ఛీ!

శ్రావణం వచ్చింది. కోడల్ని తీసుకురమ్మని అమ్మ అనలేదు. భాద్రపదమూ పోయింది. అప్పుడు నోరు విప్పాను. అమ్మని కూర్చోబెట్టి సెలూన్ సంగతీ, బనియన్ సంగతీ, ట్యూబు సంగతీ మొత్తం చెప్పాను. చెప్తూ ఏడ్చాను కూడా.

అమ్మ అంతా విని, "ఈపు మీద బొచ్చు తీయించుకుంటే సచ్చేదాకా వత్తాదేటిరా? పెళ్లాన్ని ఎనకేసుకురాడానికి ఇన్ని కతలా!" అంది. ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. మంగళవాయిద్యాలతో తను రుద్దించిన నలుగు కొడుకుని చంపబోయిందంటే ఏ తల్లి మాత్రం నమ్ముతుంది? ఆస్పత్రిలో డాక్టరు ఎదురుగా ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు చెప్తే అబద్ధంలా ఉంది.

మర్నాడు తర్లగూడ వెళ్లాను. సరితకి అదే మాట చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే. ఆపరేషన్ దినమే డాక్టర్ నన్ను బయటికి పిలిచి, వీపు చూస్తెనే తెలుస్తుంది ఇది వాక్సింగ్ పనేనని చెప్పిండు. మీరు చెప్తరని చూసిన. వరండాల పండుకున్నన్ని దినాలు చూసిన."

"మరి నువ్వు చెప్పొచ్చుగా అమ్మతో?"

"నేను చెప్తే ఇంటదా మీ అమ్మ? నా మాట కాదు గద కావాల్సింది."

ఆమె మళ్లీ బడిలో చేరింది. నేను నెలకి రెండు ఆదివారాలు వెళ్తాను. తను నన్ను పొమ్మనలేదు, మా ఇంటికి వస్తాననీ అనలేదు. అన్నం పెడుతుంది, షుగర్ ఎంతుందో అడుగుతుంది. కుడి చెయ్యి భుజం పైకి లేవదు కనుక నాకు కొండ మీద పని మాన్పించి స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. గ్రాఫ్ట్ వేసిన చోట చెమట పట్టదు, ఎండాకాలం చర్మం పగులుతుంది.

చదివే మగవాళ్లకి చెప్పేది ఒక్కటే. వాక్సింగ్ చేయించుకుంటే సిగ్గుపడకండి, కానీ ముందు షుగర్ చూపించుకోండి, నలుగుకి కనీసం వారం ముందు చేయించుకోండి. రెండు మూడు రోజులు చన్నీళ్లు, మెత్తటి తువ్వాలుతో అద్దుకోవడం, వదులు కాటన్ చొక్కా. నూనె వద్దు, పసుపు వద్దు, రుద్దడం వద్దు, షాపువాడి ట్యూబు అసలే వద్దు. పొక్కులొచ్చి జ్వరం తగిలితే ఆ రోజే డాక్టరు దగ్గర చొక్కా విప్పి, ఏం చేయించుకున్నారో మీ వాళ్లందరి ముందూ చెప్పేయండి. నేను జగదల్‌పూర్‌లో ఆ ఒక్క మాట చెప్పి ఉన్నా నా వీపు ఎలాగూ కోసేవారే. సరిత మాత్రం ఇవాళ మా ఇంట్లో ఉండేది.