జేజి మడికర్ర, అక్క ఆప్షన్లు

మా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా ఇంటికి ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్ తీగ మీదే వచ్చేది... వీధి స్తంభం నుంచి ఆ తీగ మా పెరటి మీదుగా సాగి, కిటికీ సందులోంచి లోపలికొచ్చి, మోడెం అనే నల్ల డబ్బాలో దూరేది. ఆ డబ్బా మీద ఒక పచ్చలైటు. అది కదలకుండా వెలిగితే నెట్ ఉన్నట్టు. టపటపా కొట్టుకుంటే లేనట్టు.

ఆ రోజు పొద్దున్నుంచీ అది కొట్టుకుంటూనే ఉంది...

మా అక్క సుజాతకు ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చిన ఏడు అది. కౌన్సెలింగ్ కొత్తగా నెట్‌లోకి మారింది. కావలసిన కాలేజీలు ఆప్షన్లుగా వరుసగా పెట్టి, సాయంత్రం ఆరులోపు సేవ్ చేయాలి. లేకపోతే సీటు లేదు. సీటు రాకపోతే ఊళ్ళోనే డిగ్రీ అని నాయన ముందే చెప్పేశాడు. చెప్పాడంటే చెప్పినట్టే.

చివరి రోజు దాకా ఎందుకు ఆగారంటారా? నంద్యాల చాలని నాయన, కర్నూలు కావాలని అక్క. ఇద్దరిదీ ఒకటే మొండితనం. సంధి కుదిరేసరికి ఆఖరి రోజు వచ్చింది.

నెట్ సెంటరుకు పోదామంటే నాయన ఒప్పుకోలేదు. ఎవరిదో పాస్‌వర్డు ఎవరో చూసి ఆప్షన్లు మార్చేశారని తన అంగడికి వచ్చినవాళ్ళు చెప్పుకున్నారట. అయినా మా ఇంటి నెట్ ఎప్పుడూ పొద్దున స్లో, సాయంత్రానికి బాగు. పొద్దున ఊరంతా వాడుతుందని నాయన తీర్మానం. కాబట్టి సాయంత్రం దాకా కూర్చున్నాం...

ఆషాఢం మబ్బు. ఎండ పొడ లేదు. మధ్యాహ్నం దాటింది, మూడూ దాటింది... లైటు మాత్రం నిలబడలేదు. పేజీ పైన కాలేజీ పేర్లు సగం వచ్చి ఆగిపోతాయి, అక్క మళ్ళీ మొదటినుంచి లాగిన్ అవుతుంది.

ఇక ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు మొదలుపెట్టారు. మోడెం వేడెక్కిందని అమ్మ టేబుల్ ఫ్యాన్ పెట్టింది. అక్క బ్రౌజర్లో బొమ్మలు రాకుండా ఆపేసింది. నేను డబ్బా ప్లగ్గు పీకి పెట్టి, పీకి పెట్టి తిట్లు తిన్నాను. ఫోన్ మోగినప్పుడల్లా నెట్ పోతుందని నాయన రిసీవర్ ఎత్తి బల్ల మీద పెట్టేశాడు. అన్నం ముందు నుంచి కూడా లేచి వెళ్ళి ఫోనెత్తే మనిషి... ఆ రిసీవర్ పక్కన పడి ఉండడం చూస్తే నాకు భయమేసింది.

"ఏందీ పాపా, ఇంకా తిరుగుతానే ఉందా?" అన్నాడు. అక్క కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు గాలి వచ్చింది. లైటు ఒక్క క్షణం నిలబడింది. గాలి ఆగింది, మళ్ళీ కొట్టుకుంది. ఇంకోసారి గాలి... ఇంకోసారి లైటు. అక్క డబ్బాను చూసింది, కిటికీలోంచి బయటికి చూసింది.

మా నాయనమ్మను జేజి అనేవాళ్ళం. రోజూ పొద్దున తడిపిన మడిచీరను ఎవరి చేయీ తగలని ఎత్తులో ఆరేసి, మరుసటి రోజు అది కట్టుకుని వంట చేసేది. ఆరేయడానికి, తీయడానికి ఒక పొడుగాటి కర్ర. చీరనే కాదు, ఆ కర్రనూ ఎవరూ ముట్టకూడదు. మా పెరట్లో ఎవరి చేయీ తగలని దండెం ఏదయ్యా అంటే... ఆ ఫోన్ తీగే. కోతులు తెంపితే అతికించి టేపు చుట్టిన చోట, సరిగ్గా అక్కడే తడిచీర వేలాడుతోంది. గాలికి అది లేచినప్పుడే అతుకు కలుస్తోంది. రోజూ ఎండకు చీర ఆరి బరువు తగ్గాక మా నెట్ బాగయ్యేది. ఆ రోజు ఎండే లేదు.

ఏకాదశి ఉపవాసంలో ఉన్న జేజి, అక్క చెప్పిన సంగతి విని, లేచి వచ్చి కర్రతో చీర తీసేసింది. అయినా లైటు నిలబడలేదు. బరువుకు అతుకు సాగిపోయింది. జేజి కర్ర కొనతో తీగను కాస్త పైకెత్తింది...

నిలబడింది!

"కదలొద్దు జేజీ" అని అక్క లోపలికి పరుగెత్తింది.

జేజి రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడింది. ఒక్కో కాలేజీ పేరూ ఎక్కుతోంది. చేతులు వణికినప్పుడల్లా లోపల లైటూ వణికేది. నాయన కర్ర అందుకోబోయాడు.

"తాకొద్దు. మడికర్ర."

ఆయన వెనక్కి తగ్గాడు. గడియారం ఆరుకు దగ్గరపడింది. నేను గడపలో నిలబడి లోపలికోసారి, బయటికోసారి చూస్తున్నాను. జేజి నుదుటి మీద చెమట.

"అయిందా?" అంది. ఇంకా లేదన్నాను. కర్ర జారింది. లోపల అక్క కేక...

జేజి నాయన వైపు చూసింది. "రాప్పా, పట్టుకో" అంది.

"మడి పోతాది గదమ్మా."

"మడిదేముంది, రేపు తడుపుకుంటా. పిల్లకు ఈ పొద్దు మళ్ళా వస్తాదా?"

నాయన కర్ర పట్టుకున్నాడు. మా ఇంట్లో ఇంకొకరి చేయి ఆ కర్రకు తగలడం అదే మొదటిసారి. లోపలినుంచి అక్క "సేవ్ అయింది" అన్నాక కూడా, నమ్మకం లేక, ఆయన చాలాసేపు దించలేదు. జేజి అరుగు మీద కూర్చుని చేతులు ఒత్తుకుంటూ ఉండిపోయింది.

అక్కకు కర్నూల్లో సీటొచ్చింది.

ఇప్పుడు ఇంటికి ఫైబర్ వచ్చింది. నెట్ ఒక్క నిమిషం ఆగితే నేను ఫోన్ తీసి ఎవరో తెలియనివాళ్ళ మీద అరుస్తాను. జేజి లేదు. మడికర్ర మాత్రం అటక మీద ఉంది... ఇప్పుడు ఎవరైనా తాకొచ్చు. ఎందుకో ఎవరమూ తాకం.

మీ ఇంట్లో ఆ పచ్చలైటు కోసం చేతులెత్తి నిలబడినవాళ్ళు ఎవరో... చెప్పరూ?