తడి ఆరేదాకా

మా బావ తలుపులకు, కుర్చీలకు పాలిష్ వేస్తాడు. తాగుడు మానేసి కొన్ని నెలలైంది. అక్కకు సంతోషమే కానీ అందులో ఒక ముల్లుంది. బావ మానింది ఆమె మాట విని కాదు.

"ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ పెయింటరు ఒక్క మాటంటే మారిపోయాడే!"

ఒకప్పుడు బావతో కలిసి తాగి, ఆయనకన్నా ముందు మానేసినవాడు ఆ పెయింటరు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. "తాగాలన్న కోరికతో కుస్తీ పట్టకు అన్నా. అది తడి పాలిష్. చెయ్యి పెడితే మరక. వదిలేస్తే దానంతటదే ఆరిపోతుంది" అన్నాడట. అంతకుముందు బావ రోజూ కోరికతో యుద్ధం చేసేవాడు, ఓడేవాడు, ఓడినందుకు మళ్లీ తాగేవాడు. ఇప్పుడు గెలవనక్కర్లేదు, ఆగితే చాలనుకుంటున్నాడు. మెదడు గురించి నేను చదివిందీ దాదాపు ఇదే. ఆ మాటంటే అక్క, "నువ్వూ వాడి పక్షమేనా?" అంది.

నేను పనికి వెళ్తే నా పాపను అక్కే చూసుకుంటుంది. ఆ సాయంత్రం వెళ్లేసరికి పాప నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోందా అని అలవాటుగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. బావ స్నానానికి వెళ్లాడు. ఆయన ఫోన్ మోగింది. అక్క తీసి, "ఇంట్లో లేడు" అని పెట్టేసింది.

"ఏంటక్కా?"

"ఒక్కరోజు పెళ్లాంతో మాట్లాడితే అరిగిపోతాడా?"

బావ వచ్చి, "వాడు చెయ్యలేదా?" అన్నాడు.

"లేదు."

ఆయన ముఖం పాలిపోయింది. "ఎప్పుడూ మానడే. మళ్లీ మొదలెట్టాడేమో."

"మీరే చెయ్యండి బావా" అన్నాను.

"వాడు తాగి మాట్లాడితే వినలేనమ్మా. వాడి వల్లే కానిది నా వల్ల ఏమవుతుంది?"

గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అక్క అడ్డం వెళ్లింది.

"నేను లేనా? నాతో చెప్పు."

"నువ్వెప్పుడైనా తాగావా, నీకు తెలియడానికి?"

అక్క ఒక్క క్షణం ఆయన్ని చూసింది. తర్వాత పళ్లు బిగించి తనే ఫోన్ కలిపింది.

"తమ్ముడూ, మీ అన్న ఇంట్లోనే ఉన్నాడు. ఇందాక అబద్ధం చెప్పాను. ఇదిగో, మాట్లాడు."

బావ ఆమెను వింతగా చూసి ఫోన్ అందుకున్నాడు. కాసేపటికి గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. వంటింట్లో గిన్నెలు మోగాయి.

"చూశావా ఎలా నవ్వుతున్నాడో! నాతో ఎప్పుడైనా అలా నవ్వాడా?"

గొణుగుతూనే వెళ్లి, ఆయన విడిచిన చెప్పులు తెచ్చి మంచం కిందికి తోసింది.