గుడి బానలో పిడికెడు జొన్నలు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకొని పడక్కుర్చీలో వాలానో లేదో నా ఫోను టింగుమంది. తొంభైకి దగ్గరపడుతున్నా చేతిలోంచి ఫోను దించని ముసలివాణ్ణని మా కోడలు దెప్పుతుంటుంది. దెప్పనీ, కాళ్ళు కదలని పాస్టరుకు ఊళ్ళు తిరిగే దారి ఇప్పుడు అదొక్కటే. వచ్చింది తెక్కలకోట సంఘం వాళ్ళ రంగుల ప్రకటన. ‘పిడికెడు బియ్యం పరిచర్య’ను మళ్ళీ మొదలుపెడుతున్నారట, బియ్యం మోసుకురానక్కర్లేదట, కింద ఉన్న నలుపుతెలుపు గళ్ళ బొమ్మకు ఫోను చూపిస్తే కానుక చేరిపోతుందట. అంతవరకూ బాగానే ఉంది. పైన పూలదండ వేసిన ఒక పెద్దమనిషి ఫోటో, దాని కింద ‘ఈ పరిచర్యకు ఆద్యులు’ అన్న అక్షరాలు చూసేసరికి ఒంట్లో నెత్తురు ఒక్కసారిగా తలకెక్కింది. ఫోను మంచం మీదికి విసిరికొట్టాను. పడుచుతనంలో నన్ను ఎన్నో చిక్కుల్లో పడేసిన కోపం ఇంకా నాలో బతికే ఉందని ఆ పూట తెలిసింది.

మన కాలంలో గుడికి పోయేవాళ్ళకు పిడికెడు బియ్యం సంగతి నేను చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గింజలు కడిగే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేది, ఆదివారం ఆ ముంత తెచ్చి గుడిలో బల్ల ముందున్న బానలో పోసేది. దేవుడి మాట చెప్పే అయ్య కడుపు ఆ బానతోనే నిండాలి. జీతాలు అంతంతమాత్రమైన రోజుల్లో పాస్టర్లు నిలబడ్డది ఆ ఆడవాళ్ళ పిడికిళ్ళ మీదనే.

నేను బళ్ళారి పట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన రైల్వేలో పనిచేసేవాడు. బజారులో ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ తింటూ, సైకిలు మీద కోట చుట్టూ తిరుగుతూ పెరిగిన నన్ను, బైబిలు చదువు పూర్తికాగానే పెద్దయ్యగారు తెక్కలకోటకు పంపారు. పెద్దయ్యగారంటే నా తల మీద చేతులుంచి నన్ను సేవకుడిగా నిలబెట్టిన గురువు. అన్యాయం చూసి నోరు మూసుకున్న సేవకుడు మూగకుక్కతో సమానమని ఆయన ప్రసంగం చేస్తుంటే మా కుర్రవాళ్ళకు రోమాలు నిక్కబొడుచుకునేవి.

అప్పటికి కాలువ నీళ్ళు వచ్చి కొన్నేళ్ళే అయింది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు రేగడి నేలల్లో వరి నాటుతున్నారు. వాళ్ళలో మూడు తరాల కిందటే క్రీస్తును నమ్ముకున్న రైతు కుటుంబాలు నాలుగైదు ఉండేవి. మిగతా సంఘమంతా ఊరి చివర కేరిలో, అంటే వెలివాడలో, ఉండే కూలి జనం, ఈ నేల మీదే పుట్టినవాళ్ళు. కోస్తా రైతుల్లో పెద్దాయనే మా సంఘపెద్ద. పెళ్ళికాని నాకు రెండు పూటలా భోజనం ఆయన ఇంట్లోనే. బానలో పడిన గింజలు ఆయన పాలేరు మోసుకుపోయేవాడు, ఆయన భార్య వండి పెట్టేది, కన్నకొడుక్కి వడ్డించినట్టు కొసరి కొసరి వడ్డించేది. ఆ ఇంట్లో పప్పు, ఆవకాయ, మీగడ పెరుగు తిని నేను ఒళ్ళు చేశానంటే అబద్ధం కాదు.

ఆదివారం బాన మీద చెయ్యి పెట్టి ప్రార్థించడమంటే నాకు ఎంత సంబరమో! రైతు ఇళ్ళ తెల్లటి బియ్యం, కేరి ఇళ్ళ జొన్నలు, కొర్రలు, సజ్జలు అన్నీ ఒకే బానలో కలిసిపోతుంటే, పరలోకం ఇట్లాగే ఉంటుందని గొంతు చించుకొని చెప్పేవాణ్ణి.

కేరి నుంచి ఒక అవ్వ వచ్చేది. ఎవరూ లేని మనిషి, కలుపు తీయడానికి పోయి బతికేది. ఆమె గింజలకు పురుగు పట్టకుండా ఎండిన వేపాకు కలిపి, పాత చీర పేలికలో మూటగట్టి తెచ్చేది. గుడి వదిలాక గడప దగ్గర నిలబడి ప్రతివారం ఒకటే అడిగేది.

“నా జొన్నలు తింటివేమప్పా?”

“తింటి అవ్వా.”

“రొట్టె మెత్తగ ఉండెనా?”

నేను నవ్వి తలూపేవాణ్ణి. నిజానికి ఆ ఇంట్లో నాకు రొట్టె ఎన్నడూ పెట్టలేదు. జొన్నరొట్టె మీద నాలుక పీకి ఒకసారి అడిగితే, రొట్టె తట్టడం మా చేతులకు రాదు నాయనా, ఆ గింజలు అంగట్లో ఇచ్చి బియ్యం మార్పించుకుంటున్నాం అంది ఆ తల్లి. అట్లాగైనా అవ్వ జొన్నలే కదా నా కడుపులోకి వస్తున్నాయని నమ్మాను. పెట్టే చేతిని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతాం?

ఒక పొద్దున సంఘపెద్ద కబురు పంపాడు, గేదె ఈనింది, వచ్చి ప్రార్థన చెయ్యమని. గేదె ఈనినా, కొత్త నాగలి కట్టినా అయ్యగారి చేత ప్రార్థన చేయించడం వాళ్ళ అలవాటు. కొట్టంలోకి పోయి, గేదె నొసటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని, తల్లినీ దూడనూ దీవించమని ప్రార్థించి, ఆమెన్ అని కళ్ళు తెరిచాను. ఎదురుగా తొట్టి. అందులో ఉడికించిన గింజలు. జొన్నలు, కొర్రలు, సజ్జలు, వాటి మధ్య తెల్లటి బియ్యం. ఏ చేనూ అన్ని గింజలు కలిపి పండించదు. ఏ ఇంటి గాదెలోనూ అట్లా కలిసి ఉండవు. అన్నీ అట్లా కలిసేది ఈ ఊళ్ళో ఒక్క చోటే. చూస్తుండగా గేదె మూతి కింద ఉడికి నల్లబడిన వేపాకు ఒకటి పైకి తేలింది.

ఇవి గుడి గింజలు కదా అన్నాను. సంఘపెద్ద దాచలేదు, దాచవలసిన సంగతి అని కూడా ఆయనకు తోచలేదు.

“మరేం చెయ్యమంటారండీ అయ్యగారూ? ఆ కేరి గింజలు మా పొయ్యి మీదికి ఎట్లా ఎక్కిస్తాం? మీకు మా ఇంటి బియ్యమే పెడుతున్నాంగా, ఏం లోటు చేశాం?”

“మీ ఇంటి అమ్మగారు పోసే బియ్యం కూడా అందులోనే ఉన్నాయే!”

“కలిశాక ఇంకేముందండీ.” అని నవ్వాడు. “అయినా మీరు తాగేది ఈ గేదె పాలేగా! ఆ లెక్కన ఆ గింజలు మీరు తిన్నట్టేగా!”

పాలేరు కూడా నవ్వాడు. నేను ఆ తొట్టిని కాలితో తన్ని బోర్లించాను. దూడ బెదిరింది. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి బళ్ళారి పోయాను. దారి పొడుగునా నాకు ఒకటే ధైర్యం, పెద్దయ్యగారు ఉన్నారు, ఆయన అగ్గి మీద గుగ్గిలమవుతారు అని. అంతా విన్నారు ఆయన. కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో నెమ్మదిగా తుడుచుకున్నారు.

“నాకు తెలుసురా. నేను ఆ గుడి చూసుకునేటప్పుడూ అంతే.”

“తెలిసీ ఊరకుంటిరా, అయ్యా?”

“సంఘం చీలిపోతే ఎవరికి లాభం? గుడి కట్టిందే ఆ రైతులు. నువ్వు పోయి సుమ్నె, ఊరకుండి, నీ పని చూసుకో. కోపం తగ్గించుకో, పైకొస్తావు.”

సంఘపెద్ద చేసింది ద్రోహమే, కాని ఆయనను నేను ఎన్నడూ పర్వతమని అనుకోలేదు. ఈయనను అనుకున్నాను. ఆ పూట ఆయన పాదాలకు మొక్కకుండా బయటికి వచ్చాను. మొక్కకుండా ఆ ఇల్లు దాటడం అదే మొదలు, అదే చివర.

ఆదివారం వచ్చింది. బాన నిండింది. నేను దాని మీద చెయ్యి పెట్టలేదు. ఈ గింజలు యాడికి పోతున్నాయో మీరు తెలుసుకోవాలి అని, చూసింది చూసినట్టు చెప్పేశాను. రైతు కుటుంబాలు లేచి, చాపలు దులుపుకొని వెళ్ళిపోయాయి. కేరి జనం మాత్రం కదల్లేదు. ఒక్కరూ ఏడవలేదు, తిట్టలేదు. వాళ్ళలో కొందరికి ముందే తెలుసునేమోనని వాళ్ళ మొహాలు చూస్తే అనిపించింది. తెలియనిది అవ్వకు. ఆమె మెల్లగా లేచి బాన దగ్గరికి వచ్చింది.

“అయితే నువ్వు తినలేదా?”

“లేదవ్వా. నన్నూ మోసం చేసినారు.”

ఆమె బానలోకి తొంగి చూసింది. పైన వేపాకులు కనిపిస్తున్నాయి.

“హోగ్లి బిడప్పా, పోనీలే, ఎనుము తినిందంటే తిననీ. దానికీ దేవుడే నోరిచ్చినాడు. పచ్చి బాలింత కూడాను.” చేతిలోని పేలిక దులిపింది. “తింటి అంటివి కదా నువ్వు. గింజల్లేని పొద్దు ఇంటికి పోయి, ఆ మాట తిని పండుకుంటా ఉంటి.”

ఇప్పుడే నీ ఇంటికి వస్తా, ఒక్క రొట్టె తట్టి పెట్టు అవ్వా అని బతిమాలాను. ఆమె ఖాళీ పేలికను మడిచి నడుముకు దోపుకుంది.

“ఈ పొద్దు లేవప్పా. ఉండేటివి బానలో పోస్తి.”

బానలోంచి తీసి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. దేవునికి పోసినవి వాపసు తీసుకోరు అంది. ఆమె గడప దాటేటప్పుడు ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు, ఏమీ అడగలేదు.

మరుసటి ఆదివారానికి ముందే నాకు బండ్రి వైపు బదిలీ అయింది. ఆ ఉత్తర్వు మీద సంతకం పెద్దయ్యగారిదే. ఆ తర్వాత నేను ఎన్నో కేరిల్లో, ఎన్నో పొయ్యిల ముందు కూర్చొని రొట్టెలు తిన్నాను. అవ్వ గింజలు మాత్రం నా నోటికి రానేలేదు. ఆమె ఎప్పుడు పోయిందో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ గుడి మీద కొత్త కప్పు వేశారు, లోపల అందరికీ ఒకే రకం కుర్చీలు, విందు రోజున ఒకే పంక్తి అట. ఇవన్నీ మంచివే, కాదనను. మొన్న దండ వేసిన ఆ సంఘపెద్ద ఫోటో చూసి మంచం మీదికి విసిరిన ఫోను మళ్ళీ తీసి, ఉండబట్టలేక, ఆ గళ్ళ బొమ్మను వేలితో నొక్కి కానుక పంపాను. పచ్చరంగు టిక్కు పడింది, మీ పిడికెడు అందింది, ధన్యవాదాలు అని అక్షరాలు వచ్చాయి. ఎవరికి అందిందో అది చెప్పలేదు. అడగాలంటే అక్కడ గడప లేదు, గడప దగ్గర మనిషి లేదు. ఈ వయసులో కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నా చెవులు ఆ ఒక్క ప్రశ్న కోసమే కాచుకుని ఉంటాయి. తింటివేమప్పా అని ఎవరైనా అడిగితే, ఈసారి చూసుకొని జవాబు చెప్పాలని ఉంది.