నొప్పి లేని గడ్డ

సోఫాల మేస్త్రికి మనుషుల మీద నమ్మకం తక్కువ. స్పాంజి అమ్మేవాడు పాతదాన్ని కొత్తదని అంటగట్టాడేమోనని ప్రతి ముక్కనీ ఓ మూల చించి చూస్తాడు. పక్క వీధి వడ్రంగి "ఏం బావా, బాగున్నావా?" అంటే, వీడికి నాతో ఏం పని పడిందబ్బా అనుకుంటాడు. "మా ఆయనకి అద్దంలో మనిషిని చూసినా అనుమానమే" అని భార్య నలుగురిలోనూ అంటుంది, ఆయన చెవిన పడేలాగే.

అలాంటి మనిషి ఒక్కదాన్ని మాత్రం ఏడాదిగా నమ్ముతూ వచ్చాడు. కుడి దవడ ఎముక కింద, గడ్డం గీసుకునేటప్పుడు వేలికి తగిలిన గడ్డని.

మొదట్లో అది బఠాణీ గింజంత ఉండేది, ఇప్పుడు గోలీ అంత అయింది. నొక్కినా నొప్పి లేదు. నాలుగేళ్ళ కిందట ఎడమ వైపు వాచినప్పుడు కథ వేరు. ముద్ద నోట్లో పెట్టుకోగానే దవడ కింద పొంగుకొచ్చేది, నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. ఉమ్మి వచ్చే సన్నటి గొట్టంలో రాయి అడ్డం పడిందని చెప్పి, నాలుక కింద నుంచి తీసేశారు. చూస్తే బియ్యపు నూకంత! అంత గోల చేసింది నూకంతే అయితే, నోరెత్తకుండా కూర్చున్న ఇదేం చేస్తుందని మేస్త్రి ధీమా.

ఇంట్లోవాళ్ళలో గడ్డని ముందుగా పట్టుకున్నది కూతురు. బళ్ళో సైన్సు చెబుతుంది. ఓ ఆదివారం తండ్రి తలెత్తి నీళ్ళు తాగుతుంటే చూసింది.

"నాన్నా, దవడ కింద అదేంటి? ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచీ. అది దవడే."

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అదే నాకు భయం."

"నొప్పి ఉంటే భయం, లేకపోతే భయం. మీ చదువులో భయం లేని పాఠం ఒక్కటైనా ఉందటే?"

ఆయన నవ్వాడు గానీ, భార్య నవ్వలేదు. మూడో రోజుకి తల్లీకూతుళ్ళు కలిసి ఆయన్ని ఆసుపత్రికి లాక్కుపోయారు.

డాక్టరమ్మ ఒక వేలు నోట్లో నాలుక కింద పెట్టి, రెండో చేత్తో బయట నుంచి గడ్డని తడిమింది. నిమ్మచెక్క చేతికిచ్చి చప్పరించమంది. పులుపుకి ఉమ్మి ఊరింది గానీ గడ్డ పొంగలేదు. "రాయి లక్షణం కాదు" అంది. తర్వాత కింది పెదవిని కిందికి లాగి పళ్ళు చూపించమంది. గడ్డ దవడ కింద ఉంటే ఈవిడకి నా పెదాలతో ఏం పనని మేస్త్రికి అనుమానం మొదలైంది. స్కానింగు తీశారు, సూదితో గడ్డలోంచి చిటికెడు లాగారు. ఫలితానికి వారం పడుతుందన్నారు.

మేస్త్రికి పెదాలే పనిముట్లు. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల బయటికి ఉండేలా పెదాల మధ్యకి తెస్తాడు. అయస్కాంతపు సుత్తి దాన్ని అక్కడే అందుకుని చెక్కలో టక్కున దించుతుంది. ఎడమ చేయి గుడ్డని బిగించి పట్టుకునే ఉంటుంది. ఇప్పటి కుర్రకారు మిషన్లతో కొడతారు. పాత కుర్చీల సన్న చెక్కకి అది పనికిరాదని ఆయన వాదన.

ఆ వారం ఇంట్లో ఆయనకి ఏదీ తిన్నగా కనబడలేదు. గదిలోకి వెళితే తల్లీకూతుళ్ళ మాటలు ఆగిపోయేవి. కసురుకునే భార్య మెత్తగా మాట్లాడుతోంది. ఇది మంచికి కాదనుకున్నాడు. గురువారం మధ్యాహ్నం ఆవిడ పక్కింటికని చెప్పి, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. పక్కింటికి ఇస్త్రీ చీరా? సాయంత్రం తాళంచెవి కోసం ఆవిడ సంచీలో చెయ్యి పెడితే ఆసుపత్రి చీటీ దొరికింది. ఆ రోజు తేదీనే.

"రిపోర్టు వచ్చేసింది కదూ?"

"రేపు కదండీ."

"మరి ఈ చీటీ ఏంటి?"

ఆవిడ గిన్నె తోముతూనే, "రేపు ఆ డాక్టరమ్మనే అడగండి" అంది.

ఇంకేముంది, ఖాయం అనుకున్నాడు. అందరికీ తెలుసు, తనకే తెలియదు. పైగా కోస్తారు, ఆవిడ ఆ రోజు పెదాలు చూసింది అందుకే, పెదవి పోతుంది, పని పోతుంది. ప్రాణం మిగిలినా ఏం చేసుకోను?

మర్నాడు భార్యతో ఆసుపత్రికి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండానే డాక్టరమ్మని అడిగాడు. "నిన్న మా ఆవిడకి ఏం చెప్పారు?"

డాక్టరమ్మ సొరుగు లాగి గుప్పెడు మేకులు బల్ల మీద పోసింది. "ఆవిడే నాకు చెప్పారు. ఇవి నోట్లో పెట్టుకుని, మీరు ఎలా పని చేస్తారో చేసి చూపించారు. ఒకటి మింగేస్తారేమోనని హడలి చచ్చాను. కత్తి పెట్టేముందు ఆయన పెదాల సంగతి గుర్తుంచుకోండి అని బతిమాలారు."

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆవిడ ఫ్యాను వైపు చూస్తోంది.

"మీ గడ్డ ఉన్నది ఉమ్మి ఊరే లాలాజల గ్రంథిలో. దాని మీదుగా సన్నటి నరం పోతుంది. కింది పెదవి మూలని కిందికి లాగేది అదే. జాగ్రత్తగా తప్పిస్తాం. అయినా కొన్నాళ్ళు పెదవి వంకర పోవచ్చు. అలాగే ఉండిపోవడం అరుదు. ఉండిపోదని మాత్రం రాసివ్వలేను."

"మరి గడ్డ?"

"సూదికి దొరికిన కణాల్లో చెడ్డవి లేవు. కానీ దొరికింది చిటికెడే. ఈ గ్రంథిలో గడ్డలు రావడమే తక్కువ, వస్తే దాదాపు సగం చెడ్డవే ఉంటాయి. మంచిదే అయినా ఏళ్ళ తరబడి వదిలేస్తే మారిపోవచ్చు. గ్రంథితో సహా తీసి పరీక్ష చేస్తేనే పూర్తిగా తేలుతుంది."

మేస్త్రి జీవితంలో గ్యారంటీ ఇవ్వని మనిషి ఎదురుపడటం ఇదే మొదలు. ఇచ్చినవాళ్ళని ఎలాగూ నమ్మలేదు.

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

బయటికొచ్చాక భార్యతో, "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాడు.

"చెబితే నమ్మేవారా?"

గడ్డ గ్రంథితో సహా బయటికొచ్చింది. చెడ్డది కాదని రిపోర్టు వచ్చింది. మేస్త్రి దాన్ని కూతురి చేత ఒకసారి, మందుల షాపతని చేత ఒకసారి చదివించుకున్నాడు. అక్షరం తేడా రాలేదు. పెదవి మాత్రం కుడి మూల కదలడం మానేసింది. నవ్వితే ఒక పక్కే నవ్వినట్టుంటుంది, నీళ్ళు తాగితే ఆ మూల నుంచి కారతాయి. నెలలు పట్టొచ్చంది డాక్టరమ్మ.

ఆరు వారాలకి ఓ కుర్చీ ముందు కూర్చుని గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు. మూడు బాగానే దిగాయి. నాలుగోది కుడి మూల నుంచి జారి నేల మీద మోగింది. ఐదోదీ అంతే. మిగిలినవన్నీ చేతిలోకి ఉమ్మేసి, గుడ్డ వదలకుండా అలాగే కూర్చున్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య వచ్చి పక్కన చతికిలబడింది. ఓ మేకుని రెండు వేళ్ళ మధ్య, తల పైకి ఉండేలా నిలబెట్టి, సుత్తి అయస్కాంతానికి అందేలా పట్టుకుంది. సుత్తి మీదికొస్తుంటే చెయ్యి చటుక్కున లాగేసుకుంది.

"ఏమే, నా మీద నమ్మకం లేదా?"

"నలభై ఏళ్ళు మీతో కాపురం చేశాను. ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఒక పక్క పెదవితోనే నవ్వాడు. ఆవిడ మళ్ళీ చెయ్యి చాపింది. ఈసారి సుత్తిని నెమ్మదిగా దించాడు.