కొబ్బరినీళ్లు తాగిన మోటారు

ఎనభైల మొదట్లో బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ని. మంటలార్పే పంపుకు కొత్త మోటారు బిగించినప్పుడు, ఎర్త్ కోసం రెండు వేళ్ల వెడల్పు రాగి పట్టీ వేయించాను.

"ఏనుగును కట్టేస్తావా అబ్బా? సన్న తీగ సాలదా?" అని మా ఓనరు రెడ్డెప్పగారు నవ్వారు.

"నిప్పంటుకున్నప్పుడు ఆగకూడదని ఈ మోటారుకు కరెంటు తొందరగా కట్ కాకుండా పెడతాం సార్. తేడా వస్తే మనిషికి తగలకుండా ఆ కరెంటంతా మోయాల్సింది ఈ పట్టీనే" అన్నాను.

ఆయుధపూజ రోజు, లోపల కూడా బొట్టు పెట్టాలని ఆయన మోటారు వైర్ల డబ్బా మూత తీయించారు. మూత మళ్లీ పెట్టకుండానే ఎవరో స్విచ్ వేశారు. ఆయన ఒక చెయ్యి మోటారు మీద ఆనించి, రెండో చేత్తో పక్కనున్న ఇనుప దిమ్మెకు టెంకాయ కొట్టారు. నీళ్లు సరాసరి డబ్బాలో పడ్డాయి. ఢామ్మని మెరుపు!

తేరుకుని చూస్తే నేను గేటు దగ్గరున్నాను. రెడ్డెప్పగారు మాత్రం మోటారు మీద ఆనించిన చెయ్యి కూడా తీయకుండా అక్కడే నిలబడి ఉన్నారు.

"షాక్ కొట్టలేదా సార్?"

"పట్టీ మోస్తాదని నువ్వే కదప్పా సెప్పినావు. మళ్ల నువ్వెందుకు పరిగెత్తినావు?"

మరుసటేడు పూజలో ఆయన మొదటి బొట్టు ఆ రాగి పట్టీకే పెట్టారు. టెంకాయ అందుకునే ముందు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఈసారి యాడికీ పోబాకప్పా."